“చిక్కి శల్యమయ్యాడు”: ఈ శల్యం ఎముకా, బాణమా?

అనంతపురం నుంచి ప్రశ్న:
జబ్బుపడి లేచినవారిని చూసి మా ఇంట్లో “చిక్కి శల్యమయ్యాడు” అంటారు. శల్యమంటే ఎముక అనే నేను చిన్నప్పటి నుంచి అనుకుంటున్నాను. మరి ఆయుర్వేదంలో శస్త్రచికిత్సకు శల్యతంత్రమని పేరెందుకు వచ్చింది? అది ఎముకల వైద్యమా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

కర్నూలు నుంచి జవాబు:
అయ్యా, శల్యతంత్రం ఎముకల వైద్యం కాదు. ఆ పేరుకు పుట్టినిల్లు యుద్ధభూమి. సంస్కృతంలో శల్యమంటే బాణపు ములికి, ఈటె మొన. శస్త్రచికిత్సను వివరించే ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత ఈ మాటను వేగంగా పోవడమనే అర్థం గల ‘శల’ ధాతువు నుంచి సాధించి, శరీరమంతటికీ బాధ కలిగించేది ఏదైనా శల్యమేనని అర్థాన్ని విస్తరించింది. బయటి నుంచి దిగబడేవాటిలో ఇనుము, వెదురు, కట్టె, గడ్డి, కొమ్ము, ఎముక అన్నీ లెక్కకు వస్తాయని చెబుతూనే, అడ్డుకోవడం కష్టం, మొన సన్నం, దూరం నుంచి తగులుతుంది కాబట్టి బాణానికే ప్రాధాన్యమిచ్చింది. గాయపడిన సైనికుల పక్కన కూర్చున్నవారి అనుభవం ఈ మాటల్లో నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఒంట్లో దిగి కనబడకుండా పోయిన ములికిని కనిపెట్టడానికి ఆ గ్రంథంలో ఒక అధ్యాయమే ఉంది. అది చర్మంలో దాగితే పేరుకున్న నేతిని గాని గంధపు ముద్దను గాని పూస్తారు. లోపలి వేడికి నెయ్యి ఎక్కడ తొందరగా కరిగి జారుతుందో, గంధం ఎక్కడ ముందుగా ఎండుతుందో అక్కడే శల్యం ఉన్నట్లు. సిరల్లో దాగితే రోగిని విరిగిన చక్రమున్న బండి ఎక్కించి, మిట్టపల్లాల దారిలో వేగంగా తోలి, నొప్పి ఎక్కడ లేస్తుందో చూడమంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మేరీ క్యూరీ ఎక్స్‌రే యంత్రాలను మోటారు బండ్లలో యుద్ధరంగం దగ్గరికి చేర్చి, సైనికుల ఒంట్లోని తూటాలను, ఫిరంగి గుండ్ల ముక్కలను వైద్యులకు చూపించగలిగింది. ఆమె వెతికినదీ ప్రణష్టశల్యాన్నే, అంటే ఒంట్లో దిగి కనబడకుండా పోయిన శల్యాన్నే.

ఎముకలో బిగిసిన బాణాన్ని తీసే పద్ధతి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. చేతులకు, పరికరాలకు లొంగకపోతే బాణాన్ని గుర్రపు కళ్లేనికి కట్టి, గుర్రాన్ని కొరడాతో కొట్టాలి. అది తల పైకెత్తిన ఊపుకు బాణం ఊడివస్తుంది. లేదా గట్టి చెట్టుకొమ్మను వంచి, దానికి కట్టి వదలాలి. మత్తుమందు లేని కాలంలో ఆ సైనికుడు ఎంత నరకం అనుభవించి ఉంటాడో!

సైన్యంతో నడిచే వైద్యుడి గురించి యుక్తసేనీయమనే అధ్యాయం వేరుగా ఉంది. విడిదిలో రాజు గుడారం పక్కనే అతడు అన్ని పరికరాలతో ఉండాలి. విషం, శల్యం, రోగం వల్ల బాధపడేవారు తడుముకోకుండా చేరుకునేలా అతడి కీర్తి జెండాలా ఎత్తున కనబడాలి. భారతంలో అంపశయ్య మీది భీష్ముడి దగ్గరకు వచ్చినవారు కూడా శల్యాలు తీయడంలో నేర్పరులైన ఇలాంటి వైద్యులే. ఆయన చికిత్స వద్దన్నాడు గాని, వారికి ఇవ్వవలసినది ఇచ్చి, గౌరవించి పంపమన్నాడు.

ఇక తెలుగులో ఎముక అనే అర్థం బలపడింది. ఇల్లు కట్టే స్థలంలో ఎముకలు బయటపడితే శల్యదోషమంటాము. నేలలో దిగబడి కీడు చేసేదనే భావం మీదుగా ఈ అర్థం స్థిరపడి ఉంటుందని నా ఊహ. కాబట్టి మీ ఇంటి మాటా తప్పు కాదు.

కడప నుంచి:
మా పల్లెలో చేనికి పోయినప్పుడు కాలిలో తుమ్మముల్లు విరిగితే మా అమ్మ జిల్లేడు పాలు ఒక చుక్క వేసేది. ముల్లున్న చోటు మెత్తబడ్డాక పిన్నీసుతో పైకి తీసేది. ఇదీ శల్యచికిత్సే అనవచ్చునా?

కర్నూలు నుంచి:
నిస్సందేహంగా అనవచ్చునండీ. శల్యాన్ని తీయడానికి సుశ్రుతం చెప్పిన 15 ఉపాయాలలో, పక్వం చేసి తీయడమనే పాచనం ఒకటి. అయస్కాంతం మరొకటి. చివరిది హర్షం. గుండెలో నాటుకున్న శోకమనే శల్యాన్ని సంతోషంతోనే తీయాలని అక్కడ రాసి ఉంది.