టీఎస్‌ఐ ఇంగ్లిష్ పరీక్ష రాసినవాళ్లు కాస్త చెప్పండి (టెక్సస్)

శ్రీలత_ఇర్వింగ్:
అందరికీ నమస్కారం. నాది బీకాం, ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్‌లో చేరదామని వెళ్తే ముందు, కాలేజీ చదువుకు సిద్ధమా కాదా అని చూసే టీఎస్‌ఐ రాయమన్నారు. లెక్కల గురించి బెంగ లేదు, టెన్షనంతా ఇంగ్లిష్ గురించే. రీడింగ్, రైటింగ్ కలిపి 945 రావాలట, దాంతోపాటు ఎస్సేలో కనీసం 5 రావాలట. మూడు సంగతులు అడుగుతాను. రెండు పాసేజీలు ఇచ్చి పోల్చమనే ప్రశ్నలకు ఎలా ప్రిపేర్ అయ్యారు? ఎస్సే ఎంత పొడుగు రాయాలి? హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకు లోకల్ ఫీజే పడుతుందా?

ఫ్రిస్కో_అమ్మ:
ఎస్సే జాగ్రత్త శ్రీలత గారూ. మావాడు ఇక్కడే పుట్టాడు, ఇంట్లో కూడా మాతో ఇంగ్లిషే. హైస్కూల్లో డ్యూయల్ క్రెడిట్ (స్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసులు చదవడం) కోసం రాయిస్తే ప్రశ్నల్లో 960 దాటింది, ఎస్సేలో మాత్రం 4. అంతే, ఆ సెమిస్టర్‌లో కాలేజీ ఇంగ్లిష్ చేతికందకుండా పోయింది. 960 చూసి వాళ్ల నాన్న స్వీట్లు కూడా తెచ్చేశారు. ఎస్సే 4 అయితే పైన ఎంతొచ్చినా లాభం లేదని కౌన్సెలర్ చెప్పేదాకా మాకు తెలియలేదు. స్కూల్లో ముందే ఎందుకు చెప్పరో!

కేటీ_కుర్రాడు:
ఆంటీ, ఎస్సేని దిద్దేది కంప్యూటరే. నిండుగా ఉంటే చాలు, మార్కు పడుతుంది. 300 నుంచి 600 పదాలు అంటారు, మీరు 600 నింపేయండి. అయిదు పేరాలు, ప్రతి పేరా మొదట్లో ఒక పెద్ద లింకు పదం. నాకు 6 వచ్చింది. దీనికి నెలల తరబడి చదవక్కర్లేదు.

హన్మకొండ_మాస్టారు:
బాబూ, నీకు 6 వచ్చింది, సంతోషం. కానీ ఈ సలహా విని ఎవరైనా చేతికొచ్చింది నింపేసి వస్తే నష్టపోయేది వాళ్లు. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైనవాణ్ణి, ప్రస్తుతం సీడర్ పార్క్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఎస్సేలో చూసేవి ఆరు: చెప్పదలచుకున్న విషయం మీద నిలబడ్డావా, పేరాలు వరసగా ఉన్నాయా, చెప్పినదానికి ఆధారం చూపావా, వాక్యాల్లో వైవిధ్యం ఉందా, వ్యాకరణం, స్పెల్లింగ్ సరిగ్గా ఉన్నాయా, ఆలోచనలో లోతు ఉందా. పొడుగు ఈ ఆరింటిలో ఎక్కడుందో చెప్పు.

కేటీ_కుర్రాడు:
ఆధారం చూపాలంటే పదాలు కావాలి కద సార్. 200 పదాల్లో ఏం చూపిస్తారు?

హన్మకొండ_మాస్టారు:
200 చాలని నేనెక్కడన్నాను? నింపవద్దన్నాను. నింపడం వేరు, విషయం విస్తరించడం వేరు. మన పిల్లలకు చిన్నప్పటినుంచీ వ్యాసమంటే లాభాలు, నష్టాలు, ముగింపు. ఇక్కడ అడిగేది అది కాదు. ఒక చిన్న పాసేజీ ఇస్తారు, దాని మీద నీ పక్షం ఏమిటో చెప్పి ఒప్పించమంటారు. అటు సగం, ఇటు సగం రాసి చివర్లో 'రెండూ మంచివే' అంటే వ్యాసానికి వెన్నెముక ఉండదు.

డేటా_రవి:
ఇద్దరూ ఆగండి. నేను పనిచేసేదే వ్యాసాలు చదివి మార్కు వేసే సాఫ్ట్‌వేర్ మీద, ఈ పరీక్షది కాకపోయినా. మనుషులు దిద్దిన వ్యాసాలు చూపించి దానికి నేర్పిస్తారు. మంచి వ్యాసాలు సాధారణంగా కొంచెం పొడుగ్గానే ఉంటాయి కాబట్టి పొడుగుకీ మార్కుకీ పొంతన కనిపిస్తుంది. అంతమాత్రాన పొడుగు పెంచితే మార్కు పెరుగుతుందని కాదు. అన్నదే అంటూ పోయినా, విషయం వదిలేసినా స్కోరు పడిపోతుంది. విషయానికి సంబంధం లేకపోతే, మరీ చిన్నదైతే సున్నా కూడా పడొచ్చు.

ఫ్రిస్కో_అమ్మ:
మావాడు రాసింది పొడుగే! కీబోర్డు మీద వాడి చేతులు ఆగవు. మరి 4 ఎందుకొచ్చినట్టు? రవి గారూ, మీలాంటివాళ్లు చేసిన సాఫ్ట్‌వేర్‌కి పిల్లల భవిష్యత్తు అప్పగించడం న్యాయమేనా? ఒక మనిషి చదివి ఉంటే ఇలా జరిగేది కాదు.

డేటా_రవి:
మేడమ్, అది నేను చేసింది కాదు. మనిషి చదివినా 4 వేసి ఉండొచ్చు. బాబు రాసింది చూడకుండా ఎలా చెప్తాం?

ఫ్రిస్కో_అమ్మ:
చూడటానికి మాకు ఇస్తే కదా! ఒక అంకె, కింద నాలుగు ముక్కలు ఇచ్చి పంపారు. తప్పెక్కడో తెలియకపోతే పిల్లాడు ఏం దిద్దుకుంటాడు?

కేటీ_కుర్రాడు:
ఆంటీ, మనవాళ్లు టెంప్లేట్ లేకుండా రాస్తారు, అందుకే ప్రాబ్లం. ఒక ఆన్‌లైన్ కోచింగ్‌వాళ్ల టెంప్లేట్ ఉంది, ఏ టాపిక్ వచ్చినా అందులో పెట్టేయొచ్చు.

మణి_హ్యూస్టన్:
అలాంటి టెంప్లేటే మా చెల్లెలికి డబ్బులు తీసుకుని అంటగట్టారు. మొదటి పేరా అంతా 'నేటి ఆధునిక సమాజంలో' తరహా మాటలే, నాలుగు వాక్యాలు అయ్యాక కూడా ఆమె ఏ పక్షమో తెలియదు. తర్వాత అది పక్కన పెట్టించి ఒకటే చెప్పాను. పాసేజీ చదవగానే అవునా కాదా తేల్చుకో, మొదటి పేరాలో అది సూటిగా రాయి. కారణాలు రెండు చాలు. ఒక్కో కారణానికి నీ జీవితంలోంచో, నీకు బాగా తెలిసిన సంగతిలోంచో ఒక ఉదాహరణ తీసుకుని పూర్తిగా చెప్పు. 'పిల్లలు పార్ట్‌టైమ్ పని చేయాలా' అన్న విషయం మీద సాధన చేసినప్పుడు మా ఊళ్లో మా మేనమామ కిరాణా కొట్లో లెక్కలు రాసిన సంగతి రాసింది. ఉద్దెర పుస్తకం, నెలాఖరున వసూళ్లు, చిల్లర తేడా వస్తే మామయ్య రాత్రి మళ్లీ కూడించడం, అన్నీ వచ్చాయి. ఆ పేరా చదువుతుంటే మనిషి కనబడింది. టెంప్లేట్‌లో మనిషి కనబడడు. పరీక్షలో ఇంకో టాపిక్ వచ్చింది, ఇదే పద్ధతిలో రాసింది, పాసైంది. తమ్ముడూ, దయచేసి ఆ టెంప్లేట్‌ని ఇక్కడ ప్రచారం చేయకు.

కేటీ_కుర్రాడు:
ప్రచారం ఏంటన్నా, నాకు పనిచేసింది చెప్పాను. ఇక్కడ మంచి చెప్పినా తిట్లే.

ప్లేనో_వెంకట్:
అసలు ఈ గొడవంతా ఎందుకు? కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్‌లో రీడింగ్ అండ్ రైటింగ్‌కి 480 ఉంటే ఈ పరీక్ష ఇంగ్లిష్ భాగం రాయక్కర్లేదు. లెక్కలకి 530. మా అమ్మాయికి అలాగే మినహాయింపు ఇచ్చారు. ఆ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. డ్యూయల్ క్రెడిట్ పిల్లల తల్లిదండ్రులు ముందు అది చూసుకోండి.

మణి_హ్యూస్టన్:
వెంకట్ గారూ, అడిగినావిడ బీకాం చేసి, పెళ్లయి ఇక్కడికి వచ్చారు. ఆవిడకి శాట్ ఎక్కడిది?

ప్లేనో_వెంకట్:
ఫ్రిస్కో మేడమ్‌కి పనికొస్తుందని చెప్పాను. అన్నీ ఒకరికోసమే రాయాలా?

ఆర్ఎన్_కల:
శ్రీలత అక్కా, మీ పరిస్థితే నాదీ, ఒంగోలు నుంచి వచ్చాను. నర్సింగ్ ముందు కోర్సులకోసం రాశాను. ఒక సంగతి ఎవరూ చెప్పలేదు: ఈ పరీక్షకి టైమ్ లిమిట్ లేదు. మన ఎంసెట్ అలవాటుతో గబగబా కొట్టేయకండి. మొదట 30 ప్రశ్నలే, సగం రీడింగ్, సగం రైటింగ్. మీ జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది, వెనక్కి వెళ్లి దిద్దుకోవడం కుదరదు. అందుకని ఒక్కో ప్రశ్న దగ్గర తేల్చుకునే ముందుకు వెళ్లండి. 945 రాకపోతే డయాగ్నొస్టిక్ అని ఇంకో 48 ప్రశ్నలు వస్తాయి. అది వచ్చిందంటే ఫెయిలయ్యామని గుండె జారిపోతుంది, నాకలాగే జారింది. కానీ అందులో లెవెల్ 5 గాని 6 గాని వచ్చి, ఎస్సేలో 5 ఉంటే పాసే. అది తెలియక మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అక్కడే చేతులెత్తేసి ఏదో ఒకటి నొక్కుతూ పోయింది.

శ్రీలత_ఇర్వింగ్:
చాలా థాంక్స్ అండీ, టైమ్ లేదని నాకు తెలియదు. మరి రెండు పాసేజీల సంగతి?

హన్మకొండ_మాస్టారు:
ముందు కామా నేర్చుకోండమ్మా. మనవాళ్లు ఎక్కువగా పడేది అక్కడే. 'ది బస్ వజ్ లేట్, వియ్ మిస్డ్ ది క్లాస్' అన్న వాక్యం చూడండి. రెండూ పూర్తి వాక్యాలే. ఒట్టి కామా రెండింటినీ కలపలేదు. ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా సెమికోలన్ పెట్టాలి, లేదా కామా తర్వాత 'సో' రాయాలి. 'హౌఎవర్' కూడా అంతే, దాని ముందు సెమికోలన్, వెనక కామా. వాక్యాలు సరిదిద్దమనే ప్రశ్నల్లో దీన్ని ఒక్కో రూపంలో అడుగుతారు. ఇంకోటి, కర్తకీ క్రియకీ మధ్య పొడుగాటి మాట దూర్చి ఏకవచనమా, బహువచనమా అని తికమక పెడతారు. మధ్యలో దూర్చినది వేలితో మూసి చదవండి, జవాబు కనబడుతుంది.

డేటా_రవి:
మాస్టారూ, సెమికోలన్ ఈ రోజుల్లో ఎవరు వాడుతున్నారండీ? ఆఫీసు ఈమెయిల్స్‌లో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

హన్మకొండ_మాస్టారు:
పరీక్షలో చూస్తారు. ఆఫీసు ఈమెయిల్ చూసి పరీక్షకు ప్రిపేర్ కమ్మని ఎవరూ చెప్పరు కదా. ఇప్పుడే ఆమె భయపడుతోంది, ఇంకా తేలిక చేసి మాట్లాడకండి.

డేటా_రవి:
నేను తేలిక చేయలేదు. ఏది ఎక్కువగా వస్తుందో అది ముందు చెప్పండి అంటున్నాను.

హన్మకొండ_మాస్టారు:
ఎక్కువగా వచ్చేదే చెప్పాను. పిల్లలకు చెప్పి, పేపర్లు దిద్ది తెలుసుకున్నదే రాశాను.

ఆర్ఎన్_కల:
అక్కా, పాసేజీల సంగతి నేను చెప్తాను. ముందు ఒక్కో రచయిత ఏమంటున్నాడో పక్కన కాగితం మీద ఒక్క లైన్‌లో రాసుకునేదాన్ని, తెలుగులోనే. ఉదాహరణకి, ఒకాయన 'సైకిల్ దారి వేస్తే షాపులకు బేరాలు పెరుగుతాయి' అంటాడు, రెండో ఆయన 'ముందు లెక్క తీసి చూద్దాం' అంటాడు. ప్రశ్న ఏముంటుందంటే, మొదటాయన మాటకి రెండో ఆయన ఏమనొచ్చు అని. ఆప్షన్లలో 'సైకిల్ దారులు దండగ' అని ఒకటి ఉంటుంది. ఆయన అంతమాట అనలేదు, లెక్క కావాలన్నాడంతే. ఎక్కువ శాతం తప్పు ఆప్షన్లు ఇలాగే, ఒక మెట్టు ఎక్కువ మాట్లాడతాయి. ఇంకొన్ని ఒక పాసేజీలో నిజమే గాని రెండోదానిలో ఆ ఊసే ఉండదు. మనకు ఆ విషయం గురించి ముందే తెలిసింది పక్కన పెట్టి, అక్కడ రాసి ఉన్నదే చూడాలి. ఇదొక్కటి పట్టుబడితే కథల ప్రశ్నలు కూడా తేలికవుతాయి. ఈ పరీక్ష తయారుచేసే కాలేజ్ బోర్డ్ వాళ్ల శాంపిల్ ప్రశ్నలు ఉచితంగానే ఉన్నాయి, తప్పుకు కారణం కూడా రాస్తారు. డబ్బులు పెట్టేముందు అవి చేయండి. ఇంకో మాట: పరీక్షకు ముందు ప్రీ అసెస్‌మెంట్ యాక్టివిటీ అని ఒకటి కాలేజీ సైట్‌లో చేయాలి. అది లేకుండా వెళ్తే కూర్చోనివ్వరు.

మణి_హ్యూస్టన్:
పాసవకపోయినా చదువు ఆగిపోదని కూడా చెప్పాలి. 2017లో వచ్చిన చట్టం తర్వాత చాలామందిని కాలేజీ ఇంగ్లిష్ క్లాసులోనే కూర్చోబెట్టి, దానితోపాటు సపోర్టు క్లాసు కలిపి ఇస్తున్నారు. ముందులాగా ఏళ్లకేళ్లు క్రెడిట్ లేని క్లాసులు చదివించరు.

ఫ్రిస్కో_అమ్మ:
ఆ సపోర్టు క్లాసుకి ఫీజు ఎవరు కడతారు? మనమే. అందుకే ముందే గట్టిగా రాయించాలి. వెంకట్ గారూ, ఆ 480 మార్చిలో రాసే స్కూల్ శాట్‌కి కూడా చెల్లుతుందా? మావాడికి అదే ఉంది.

ప్లేనో_వెంకట్:
మా అమ్మాయిది అదే మేడమ్, స్కూల్లో రాసినదే. స్కోరు రిపోర్టు కాలేజీకి పంపించాం.

శ్రీలత_ఇర్వింగ్:
కల గారూ, కాగితం మీద తెలుగులో రాసుకోవచ్చన్న మాట నాకు చాలా ధైర్యమిచ్చింది. ఇవాళే శాంపిల్ ప్రశ్నలు మొదలుపెట్టాను, రచయిత మాట ఒక లైన్‌లో రాసుకుంటుంటే నిజంగానే ఆప్షన్లు విడిపోతున్నాయి. మాస్టారూ, ఒక ఎస్సే రాసి ఇక్కడ పెడితే చూస్తారా? హెచ్4 ఫీజు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎవరికైనా తెలిస్తే రాయండి.

హన్మకొండ_మాస్టారు:
తప్పకుండా పెట్టమ్మా. టైపు చేసేటప్పుడు ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో, స్పెల్లింగ్ దిద్దే సదుపాయం ఆపేసి రాయి. పరీక్షలో అది ఉండదు. నీ పక్షం మొదటి పేరాలోనే కనబడాలి, అది లేకపోతే రెండో పేరా నేను చదవను.

కేటీ_కుర్రాడు:
సార్, నాదీ ఒకటి పెట్టొచ్చా? యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఎస్సే ఉంది.

హన్మకొండ_మాస్టారు:
టెంప్లేట్ లేకుండా రాస్తే పెట్టు బాబూ, చూస్తాను.