రోమ్‌లో ఫెండీ ఉచిత శిల్పాలు: ఊరికి కానుకా, దుకాణానికి అలంకారమా?

నల్లరాయి:
సంగతి క్లుప్తంగా చెప్తాను. బ్యాగులూ, బొచ్చుకోట్లూ అమ్మే ఇటలీ కంపెనీ ఫెండీ, రోమ్ దక్షిణాన ఎఉర్ పేటలో ఉన్న పలాజ్జో దెల్లా చివిల్తా ఇటాలియానాను లీజుకు తీసుకుని 2015లో తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి మార్చింది. జనం చదరపు కొలోసియం అని పిలుచుకునే భవనం అదే. కింది అంతస్తును ప్రదర్శనలకు కేటాయించింది. 2017లో జుసెప్పె పెనోనె శిల్పాలు, 2023లో ఆర్నాల్దో పొమొదోరో శిల్పాలు అక్కడ పెట్టారు. రెండింటికీ టికెట్ లేదు. 2017 మేలో ఊరి నడిబొడ్డున లార్గో గోల్దోని కూడలిలో పెనోనె చేసిన కంచు చెట్లను శాశ్వతంగా నిలబెట్టి రోమ్‌కు బహుమతిగా ఇచ్చింది.

ఇదంతా కళాపోషణ అని మురిసిపోతున్నారు చాలామంది. నాకైతే ప్రకటనే అనిపిస్తుంది. ఆ చెట్లు ఎక్కడున్నాయో చూడండి. సరిగ్గా ఫెండీ వాళ్ళ పెద్ద దుకాణం ముందు! అంత పెద్ద రోమ్‌లో ఇంకెక్కడా చోటే దొరకలేదా? కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

టైబర్‌గట్టు:
నేనుండేది ఈ ఊళ్ళోనే. ఆ చెట్ల కిందుగా తరచూ వెళ్తుంటాను. ఒకటి 18 మీటర్లు, రెండోది 9 మీటర్లు. పాత రోమన్ శిథిలాన్ని గుర్తుచేసేలా చెక్కిన 11 టన్నుల పాలరాయి ఒకటి కొమ్మల మధ్య ఇరుక్కుని, మన నెత్తిన ఐదు మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి వయా దెల్ కోర్సో వీధిలో షాపింగ్‌కి వచ్చేవాళ్ళలో కొందరు నిజం చెట్లే అనుకుని దాటిపోతారు. కొందరు ఆ రాయి కనబడగానే ఠక్కున ఆగి, అంత బరువు ఎలా నిలబడిందా అని చుట్టూ తిరిగి చూస్తారు. వాళ్ళు చూసేది దుకాణం బోర్డుని కాదు, రాయిని.

ఇక ఎఉర్ భవనం సంగతి. ఫెండీ రాకముందు ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉంది. బయట నుంచి ఫోటోలు తీసుకోవడమే తప్ప లోపలికి అడుగుపెట్టే వీలుండేది కాదు. 2017లో అదే భవనంలో ఫర్ అనే దేవదారులాంటి పెద్ద చెట్టు మాను ఒకటి ఉంచారు. ముప్ఫై మీటర్ల మానుని నిలువునా చీల్చి, లోపల ఒక వయసు వలయాన్ని పట్టుకుని తొలుచుకుంటూ పోయాడు పెనోనె. అంటే ఒకప్పటి లేత చెట్టు ఆకారం ఇప్పుడు ఖాళీ రూపంలో కనిపిస్తుందన్నమాట. పైసా ఖర్చు లేకుండా దాన్ని చూడగలిగితే మీకేంటండీ బాధ?

పద్దులరావు:
బాధ గురించి కాదు, బిల్లు ఎవరు కడుతున్నారని అడగాలి. ఫెండీ, విలాస వస్తువులమ్మే ఫ్రాన్స్ గ్రూపు ఎల్‌వీఎంహెచ్‌లోది. ఫ్రాన్స్‌లో 2003 చట్టం ప్రకారం కంపెనీలు కళలకిచ్చే విరాళంలో 60 శాతం దాకా పన్నులో తగ్గించుకోవచ్చు. పారిస్‌లో ఈ గ్రూపు కట్టిన లూయీ వుయ్‌తాఁ ఫౌండేషన్ మ్యూజియం విషయంలో ఆ రాయితీ 2007 నుంచి 2017 దాకా 50 కోట్ల యూరోలు దాటిందని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2018లో లెక్క తేల్చింది. పైగా ఆ మ్యూజియంలోకి వెళ్ళాలంటే మళ్ళీ టికెట్ కొనాలి! ఇది పారిస్ పద్దు, దీన్ని రోమ్ ఖాతాలో వేయను. అయినా "ఉచితం" అన్న మాట వినగానే పన్ను కాగితాలు అడగడం నాకు అలవాటు.

మన దగ్గరా ఇది దూరపు సంగతేం కాదు. 2013 కంపెనీల చట్టం కింద, పరిమితి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. ఆ జాబితాలో వారసత్వ సంపద, కళలు, సంస్కృతి కూడా ఉన్నాయి.

కంచుపోత:
శిల్పం పని చేసేవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

నల్లరాయి గారూ, పెద్ద కంచు శిల్పం అంటే కాగితం మీద గీసిన బొమ్మ కాదు. అచ్చు, మైనం, లోహం, కొలిమి, అతుకులు, మెరుగు, క్రేను, లారీ, కింద పునాది, పైన ఇన్సూరెన్సు. ఇవన్నీ భరించేవాడు లేకపోతే ఆ పని నమూనా దగ్గరే ఆగిపోతుంది. ఒకప్పుడు రాజు, గుడి, చర్చి భరించాయి. ఇప్పుడు ప్రభుత్వమో కంపెనీయో భరించాలి. ప్రభుత్వం డబ్బు పెడితే ఎవరి విగ్రహం వస్తుందో మన కూడళ్ళలో రోజూ చూస్తూనే ఉన్నాం. ఎవరి బొమ్మా కాని, దేన్నీ పొగడని ఒక ఆకారాన్ని నడిరోడ్డు మీద నిలబెట్టే ధైర్యం ఏ మున్సిపాలిటీకుంది చెప్పండి?

అయితే ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. 2023లో పొమొదోరో ప్రదర్శన జరిగినప్పుడు ఆ భవనం బయట నాలుగు మూలలా గ్రీకు పురాణ పాత్రల పేర్లతో నాలుగు శిల్పాలు పెట్టారు: ఆగమెమ్నన్, క్లైటెమ్నెస్ట్రా, ఈజిస్థస్, కసాండ్రా. 1968 భూకంపంలో నేలమట్టమైన సిసిలీ ఊరు జిబెల్లీనాలో 1983లో వేసిన నాటకం కోసం పుట్టిన ఆకారాలవి. పొమొదోరో కంచు చూశారా ఎప్పుడైనా? పైన అద్దంలా నున్నగా మెరుస్తుంది. మధ్యలో పగులు. ఆ పగుల్లోంచి పళ్ళచక్రాల్లా, ఎముకల్లా ఏవో బయటకి వస్తుంటాయి. అధికారం, అత్యాశ, ముందే కీడును చూసి చెప్పినా ఎవరూ నమ్మని మనిషి... వీళ్ళ రూపాలవి.

ఇప్పుడు భవనం నుదుటి మీద ఏం రాసుందో చూడండి: కవులు, కళాకారులు, వీరులు, సాధువులు, ఇంకా ఎవరెవరో పుట్టిన జాతి అని. 1935 అక్టోబరు 2న ఇథియోపియా మీద యుద్ధం ప్రకటిస్తూ ఇటలీ నియంత ముస్సోలినీ చేసిన ప్రసంగంలోని మాటలవి. ఆ రాత కింద అధికారం పగిలిపోతున్న కంచు శిల్పం నిలబడితే, డబ్బు ఎవరిదైనా కానీ, ఆ శిల్పం తన పని తాను చేసినట్టే.

సందేహాల సుబ్బు:
అన్నా, చాలా బాగా రాశారు. కానీ ఆ రాత కింద శిల్పం ఉన్నది మే నుంచి అక్టోబరు దాకా. బ్యాగుల కంపెనీ ఆఫీసు మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. ముస్సోలినీ కాలంలో కట్టిన భవనానికి ఫ్యాషన్ సువాసన అద్దింది ఎవరు మరి?

ఇంకోటి. ఎంచుకున్నది ఎవర్ని? పొమొదోరోకి అప్పటికే 96 ఏళ్ళు. పెనోనె ప్రపంచమంతా పేరున్నవాడు. వీళ్ళకి గుర్తింపు తేవడానికి ఫెండీ అక్కర్లేదు, ఫెండీకే వీళ్ళ పేరు కావాలి. ఇప్పుడిప్పుడే పని మొదలుపెట్టిన కుర్రవాడికి ఆ అంతస్తు ఇచ్చి చూడమనండి! అదే అంతస్తులో తమ బొచ్చు పనితనాన్ని కూడా ప్రదర్శనగా పెట్టుకున్నారు. అదీ ఉచితమే లెండి.

పెనోనె 1968లో ఏం చేశాడో తెలుసా? ఊరి దగ్గర అడవిలో ఓ లేత చెట్టుని తన పిడికిలి పట్టుకున్నట్టుగా లోహపు చెయ్యి చేయించి దానికి బిగించాడు. చెట్టు పెరుగుతూ పోయింది, చెయ్యి ఉన్నచోట తప్ప. పుల్లలూ మట్టీ పట్టుకుని మార్కెట్‌ని ధిక్కరించిన గుంపులో మనిషి ఆయన. ఈ స్పాన్సర్ల చేతుల గురించి ఆయనకి మనం చెప్పాలా?

టైబర్‌గట్టు:
కుర్రవాళ్ళ మాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

నల్లరాయి:
ట్రేవీ ఫౌంటెన్ కూడా కలుపుకోండి. సుమారు 22 లక్షల యూరోలు పెట్టి ఫెండీయే బాగుచేయించింది, 2015 నవంబరుకి పని పూర్తయింది. మంచిదే. 2016 జులైలో అదే ఫౌంటెన్ నీళ్ళ మీద పారదర్శకంగా ఉండే వంతెన పరిచి ఫ్యాషన్ షో పెట్టుకుంది. ఏ చేత్తో ఇచ్చిందో ఆ చేత్తోనే వాడుకుంది. బ్రాండు డబ్బు వద్దని నేను అనలేదే! ఇచ్చేవాడు చోటు ఎంచుకోకూడదు, అంతే. డబ్బు ఊరి ఖాతాలో వేసి పక్కకి తప్పుకోమనండి. ఏ శిల్పం, ఎవరి చేత, ఏ పేటలో అన్నది ఊరు తేల్చుకుంటుంది.

కంచుపోత:
ఫ్యాషన్ షో అయిపోయింది, వంతెన తీసేశారు. ఫౌంటెన్‌కి ఏం అరిగిపోయింది? ఇక ఊరి ఖాతా అంటారా... ఆ ఖాతాలో పడ్డ డబ్బు రోడ్ల గుంతలు దాటి శిల్పి దాకా వస్తుందని నమ్మే వయసు నాకు దాటిపోయిందండీ.

పద్దులరావు:
ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఎఉర్ భవనానికి 2013లో 15 ఏళ్ళ లీజు రాసుకున్నారు. భవనం కంపెనీది కాదు, ప్రభుత్వానికి చెందిన సంస్థది. శిల్పాలకు ఒక అంతస్తు తెరిచి ఉంచాలన్న షరతు, రేపు ఎవరు అద్దెకు దిగినా వర్తించేలా కాగితంలోనే రాసుకుంటే సరిపోతుంది. కంపెనీ దయ మీద ఆధారపడక్కర్లేదు. లార్గో గోల్దోని చెట్లు మాత్రం ఇప్పుడు ఊరి ఆస్తి. ఫెండీ దుకాణం ఎత్తేసి వెళ్ళినా అవి అక్కడే ఉంటాయి. తుడిచి శుభ్రంగా ఉంచే ఖర్చు ఎవరిదో నల్లరాయి గారు కనుక్కుని చెప్తే, మిగతా వాదన అప్పుడు చేసుకుందాం.