బర్త్‌డే పార్టీలో పిల్లల్ని ‘ఔట్’ చేసే ఆటలు పెట్టాలా, వద్దా?

నిజాంపేట అమ్మ:
వచ్చే ఆదివారం మా పాపకి ఆరేళ్ళు నిండుతాయి. పార్టీ మా అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్‌లోనే. పిల్లలు పదహారు మంది, నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ దాకా ఉన్నారు. యాంకర్‌ని మాట్లాడుకోలేదు, ఆటలు నేనే ఆడిస్తాను. మ్యూజికల్ చైర్స్ లేకపోతే బర్త్‌డే ఎలా అవుతుందని మావారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు.

పోయిన నెల ఒక పార్టీలో మా పాప మొదటి రౌండ్‌లోనే ఔటైంది. గోడకి ఆనుకుని, నెత్తి మీది కాగితం టోపీ రబ్బరుదారం గడ్డం కింద లాగుతూ వదులుతూ, మిగతావాళ్ళు కుర్చీల చుట్టూ తిరుగుతుంటే చూస్తూ నిలబడింది. తర్వాత కేక్ కూడా ముట్టలేదు. లెక్క వేసి చూశాను. పదహారు మందికి 15 రౌండ్లు. రౌండ్‌కి నిమిషంన్నర వేసుకున్నా, మొదట ఔటైన పిల్ల ఇరవై నిమిషాలు ఊరికే నిలబడాలి. పైగా మొదట ఔటయ్యేది ఎప్పుడూ చిన్నపిల్లలే. మీరేమంటారు?

ఉప్పల్ నాన్న:
నేను ఒప్పుకోనండీ. నాకు ఇద్దరు మగపిల్లలు, ఏడేళ్ళొకడికి, పదేళ్ళొకడికి. గెలుపూ ఓటమీ లేని ఆట పెడితే పెద్దోడు ఐదు నిమిషాల్లో ఫోన్ అడుగుతాడు. చివరికి ఒక కుర్చీ, ఇద్దరు పిల్లలు మిగిలినప్పుడు అందరూ అరిచే అరుపులు, ఆ పాట ఎప్పుడు ఆగుతుందా అన్న టెన్షన్, అదే కదా పిల్లలకి గుర్తుండేది! ఔటైన పిల్లని గోడ దగ్గర వదిలేయడం ఆడించేవాళ్ళ తప్పు, ఆటది కాదు. మా ఇంట్లో ఔటైనవాళ్ళకే పాట ఆపే పని ఇస్తాం. దానికోసం పోటీ పడతారు.

చిక్కడపల్లి అమ్మమ్మ:
అమ్మాయీ, మన ఆటల్లో ‘ఔట్’ కంటే ‘దొంగ’ ఎక్కువ. దాగుడుమూతల్లో దొరికినవాళ్ళు బయటికి పోరు, తర్వాతి దొంగ అవుతారు. ఓడినవాళ్ళకే ఆటలో పెద్ద పని.

మీ స్టిల్ట్ పార్కింగ్ నిండా స్తంభాలే కదా, నాలుగు స్తంభాలాట పెట్టు. నాలుగు స్తంభాలకి నలుగురు, మధ్యలో దొంగ ఒకరు. స్తంభం మారేటప్పుడు దొంగ వెళ్ళి ఖాళీ స్తంభం పట్టుకుంటే, స్తంభం దొరకని పిల్ల దొంగ. ఎవరూ ఆటలోంచి పోరు. గంట ఆడినా ఐదుగురూ ఐదుగురే.

మొదట మాత్రం ‘వీరి వీరి గుమ్మడిపండు, వీరి పేరేమి’ ఆడించు. కళ్ళు మూసిన పిల్ల ఎదుటివాళ్ళ పేరు చెప్పాలి. స్కూలు పిల్లలకీ అపార్ట్‌మెంట్ పిల్లలకీ ఒకరి పేరొకరికి తెలియదు కదా, ఈ ఆటలో కలిసిపోతారు.

ఉప్పల్ నాన్న:
అమ్మమ్మ గారూ, ఆట మంచిదే. కానీ పదేళ్ళవాడూ నాలుగేళ్ళ పిల్లా ఒకే స్తంభానికి పరుగెత్తితే పళ్ళు రాలతాయి.

చిక్కడపల్లి అమ్మమ్మ:
చిన్నవాళ్ళు ఆటలో అరటిపండు. పరుగెడతారు, స్తంభం దొరక్కపోయినా దొంగ అవ్వరు.

అత్తాపూర్ అక్క:
అరటిపండు అనకండి, అమ్మమ్మా. మా అక్క ఈడు పిల్లలతో ఆడేటప్పుడు నన్ను ఎప్పుడూ అదే చేసేవారు. నాకప్పుడు ఆరేళ్ళు. నన్నెవరూ పట్టుకోవడానికి రావడం లేదని నాకు తెలిసిపోయేది. ఔటవడం కంటే అదే ఎక్కువ బాధ. అలా వదిలేసే బదులు చిన్నవాళ్ళని పెద్దవాళ్ళకి జత కట్టండి. చెయ్యి పట్టుకునే పరుగెత్తాలి, చెయ్యి వదిలితే ఆ జతే దొంగ. పెద్దోడు తనంతట తనే నెమ్మదిస్తాడు.

మూడో అంతస్తు:
ఏ ఆటైనా సరే, ముందు కార్లు తీయించండి. నేల మీద ఆయిల్ మరకలుంటే రంపప్పొట్టు చల్లి ఊడ్పించండి, పిల్లలు జారేది అక్కడే. ఏడు పెంకులాట వద్దు, బంతి కారు అద్దానికి తగిలితే పార్టీ గొడవతో ముగుస్తుంది. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయండి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి.

కొండాపూర్ బాబాయి:
తంబోలా గురించి ఎవరూ చెప్పలేదే? టికెట్ మీద 15 సంఖ్యలు, పిలిచేవి 1 నుంచి 90 దాకా. నాలుగేళ్ళ పిల్లకి రెండంకెల సంఖ్యలు రావు కాబట్టి అమ్మమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి ఆడించాలి. అందరూ పరుగెత్తి అలిసిపోయాక పెట్టండి.

నిజాంపేట అమ్మ:
అందరికీ థాంక్స్. అత్తాపూర్ అక్క మాట చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. మా పాప అరటిపండు అవ్వదు.

రాత్రి కిందికి దిగి లెక్కపెట్టాను. కార్లు తీస్తే దగ్గరదగ్గరగా పన్నెండు స్తంభాలు దొరుకుతాయి. నాలుగేసి చొప్పున మూడు ఆటలు. ఒక్కో దాంట్లో నాలుగు జతలకి నాలుగు స్తంభాలు కావాలి, ఒక జత దొంగ. మూడింటికీ కలిపి పదిహేను జతలు కావాలి, నా దగ్గర ఎనిమిదే. కాబట్టి ఒకటి జతలతో పెడతాను, ఒకటి పెద్దవాళ్ళు ఐదుగురికి. మిగిలిన ఒక్కడు మా అన్నయ్య కొడుకు, వాడిని జతల ఆటకి అంపైర్ చేస్తాను. ఎనిమిది స్తంభాలు చాలు.

ఉప్పల్ అన్నగారూ, మీ మాట కూడా తీసేయలేదు. చివర్లో ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి మ్యూజికల్ చైర్స్ ఉంటుంది, మావారే ఆడిస్తారు. పాట ఆపేది మాత్రం మా పాప.

ఉప్పల్ నాన్న:
ఏడేళ్ళవాళ్ళని కూడా రానివ్వండి, మేడం. మా చిన్నోడైతే ఏడుస్తాడు.