అప్‌డేట్: స్కూల్‌కి వెళ్లనని మొండికేసిన మా ఎనిమిదో తరగతి బాబు విషయం

మూడు నెలల కిందట ఇక్కడే అడిగాను: మావాడు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు, క్లాసులో నోరు విప్పడం లేదు, ఏం చేయాలని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

డాక్టర్ చేయించిన పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఫోన్ లాక్కుంటే ఇంట్లో గొడవలు పెరిగాయి, అంతే. స్కూల్ కౌన్సెలర్ వాడితో నాలుగుసార్లు మాట్లాడాక అసలు సంగతి బయటపడింది. సెక్షన్లు మార్చినప్పుడు స్నేహితులంతా విడిపోయారు. మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక మెట్ల కింద ఒక్కడే తినేవాడట. అది విన్న రోజు నాకు ముద్ద దిగలేదు.

పనిచేసింది మాత్రం "వాడికి నిజమైన పని అప్పగించమనండి" అన్న సలహా. లీడర్ బ్యాడ్జీ లాంటిది కాదు. ల్యాబ్ సామాన్ల రిజిస్టర్ వాడికీ ఇంకో ఇద్దరికీ ఇచ్చారు. మొదటి వారమే ఒక లెన్స్ పగిలింది. టీచర్ తిట్టకుండా "ఇప్పుడేం చేద్దాం?" అని వాళ్లనే అడిగారట. ముగ్గురూ కూర్చుని రూల్స్ రాసుకున్నారు, ఇప్పుడు తినడం కూడా కలిసే.

"మగపిల్లాడు, గట్టిపడాలి" అన్నవాళ్లకి ఒక మాట: అలా అనిపించుకుంటానన్న భయంతోనే వాడు మాకు చెప్పలేదు.

సోమవారాలు ఇంకా కాస్త కష్టమే. కడుపునొప్పి మాట మాత్రం నెల రోజులుగా వినలేదు.