మామిడి చెక్క బల్లకి పాత భోషాణం రంగు రావాలంటే?

గరివిడి గుంటడు: మామిడి చెక్కతో చేయించిన కొత్త భోజనం బల్ల, 4 అడుగులది, సొరుగుంది. పాత భోషాణంలా నలుపు, గోధుమ కలిసిన రంగు రావాలి, అంచులు అరిగినట్టుండాలి. ఏ స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) కొనాలి? పాతదిలా కనబడ్డానికి ముందు దెబ్బలు పెట్టాలా, ముందు రంగా? పైన ఏం వెయ్యాలి? ఖర్చెంత?

బొబ్బిలి ఉలి: ముందు దెబ్బలే. రంగేసాక గీకితే లోపలి తెల్ల చెక్క బయటపడి గుట్టు రట్టవుతాది. అరుగుదల అంతటా సమంగా పెట్టకండి. సొరుగు పిడి చుట్టూ, ముందంచు, కాళ్ళ అడుగు, అంతే. పురుగు చిల్లులు మేకుతో గుంపులుగా, వాలుగా దింపాలి. వైర్ బ్రష్ నార వెంబడే తోలాలి. తర్వాత 180 నంబరు గరుకు కాగితం, ఆపైన 220. తడిగుడ్డ పెట్టి ఆరాక లేచిన నారని మళ్ళీ 220తో తీసెయ్యండి.

రాజాం కలర్స్: మామిడికి వైర్ బ్రష్ దండగ. టేకులాగా గట్టి, మెత్త పొరలు విడిగా ఉండవు, గీతలు లేవవు. స్టెయిన్ కొనడం కూడా దండగే. అర లీటరు వెనిగర్‌లో ఇనుప పీచు ఉండ ఒకటి వేసి మూత బిగించి 3 రోజులు ఎండలో పెట్టండి, ఆ ఇనుప నీళ్ళే రంగు.

పలాస జీడిపిక్క: మూత బిగించడమేటండి బాబూ! ఇనుము, ఆమ్లం కలిస్తే హైడ్రోజన్ పుడతాది. సీసా మూతికి గుడ్డ కట్టి వదిలెయ్యాలి, పొయ్యికి దూరంగా.

రాజాం కలర్స్: మా షాపులో మొదట్నుంచీ అలాగే పెడుతున్నాం. ప్లాస్టిక్ సీసా, ఏమీ కాలేదు. చదువుకున్నోళ్ళకి భయాలెక్కువ.

పలాస జీడిపిక్క: సీసా ఉబ్బిందా లేదా, అది చెప్పండి. ఉబ్బిన సీసా మూత తీసేటప్పుడు పక్కనెవడైనా బీడీ వెలిగిస్తే తెలుస్తాది ఎవరి చదువు ఎంతో.

ఆమదాలవలస: మూత కోసం తర్వాత కొట్టుకోండి. మామిడిలో టానిన్ (ఇనుము తగిలితే నల్లబడే వగరు పదార్థం) తక్కువ, ఆ ఇనుప నీళ్ళు నేరుగా రాస్తే ఉత్త బూడిద రంగే. ముందు కరక్కాయ పట్టించాలి. 50 గ్రాముల పొడి లీటరు నీళ్ళలో పావుగంట మరిగించి, వడకట్టి రాసి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత ఇనుప నీళ్ళు. నిమిషాల్లో నల్లబడుతుంది, మర్నాటికి ఇంకా ముదురుతుంది, కాబట్టి ముందు తునక మీద చూసుకోండి. కలంకారీ నలుపుకి ఆధారం ఇదే, కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఇనుము. గోధుమ ఛాయ కావాలంటే కరక్కాయ బదులు చిక్కటి టీ డికాక్షన్. తుమ్మ చెక్కకి ఇవేవీ అక్కర్లేదు, టానిన్ దాన్లోనే ఉంటుంది. ఇంకోటి, గిన్నెలు తోమే స్టీల్ పీచు వెయ్యకండి, అది తుప్పు పట్టని రకం, కరగదు. లేత్ షాపులో ఇనుప రజను తెచ్చి, నూనె పోయేలా సబ్బునీళ్ళతో కడిగి వెయ్యండి.

చీపురుపల్లి: మామిడికి మచ్చలు పడతాయి. ముందు పల్చటి లక్క పూత ఒకటి ఇవ్వండి, లీటరు స్పిరిట్‌కి 60 గ్రాముల లక్క.

ఆమదాలవలస: అది డబ్బా స్టెయిన్‌కి. లక్క వేస్తే కరక్కాయ గానీ ఇనుము గానీ చెక్కలోకి పోవు. రెండు పద్ధతులూ కలిపి ఆ అబ్బాయి బల్లని పాడు చెయ్యకండి.

కళింగపట్నం: మాకు ముసురులో లేకర్ (థిన్నర్ కలిపి కొట్టే మెరుపు పూత) కొడితే తెల్లగా పూసింది. ఏటి చెయ్యాలి?

బొబ్బిలి ఉలి: తేమండి. థిన్నర్ గబుక్కున ఎగిరిపోతే పూత చల్లబడి గాలిలో తేమ దాని మీద పడుతుంది. లేకర్‌లో రిటార్డర్ థిన్నర్, అంటే నెమ్మదిగా ఎగిరే థిన్నర్, కొద్దిగా కలిపి, పొడి రోజు చూసి పల్చగా ఇంకో పూత కొట్టండి. చాలా వరకు పోతాది.

సోంపేట: ఇన్ని తిప్పలెందుకు, పడవలకి రాసే జీడినూనె పూసేస్తే సరి.

పలాస జీడిపిక్క: అన్నం తినే బల్లకా? పచ్చి జీడినూనె తగిలితే చర్మం పొక్కులెక్కుతాది. పడవ మీద ఎవరూ మోచేతులు ఆనించి భోంచెయ్యరు.

గరివిడి గుంటడు: పైన ఏం వెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

చీపురుపల్లి: మెరుపు వద్దు, పాత చెక్కకి నప్పదు. మాట్ పీయూ (మెరుపు లేని పాలీయురేతేన్ వార్నిష్) పల్చగా రెండు పూతలు. అవిసె నూనె వాడితే మాత్రం తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ళ డబ్బాలో ముంచెయ్యండి.

గరివిడి గుంటడు: కరక్కాయ విజయనగరంలో దొరుకుతుందా?

ఆమదాలవలస: ఆయుర్వేదం సరుకులమ్మే ఏ కొట్లో అయినా. గింజ తీసేసి పెచ్చులే దంచండి, టానిన్ ఉండేది పెచ్చులోనే.