తెల్లారేసరికి కారు నేలకి దిగిపోతోంది, ఆయిల్ మాత్రం కారట్లేదు

ప్రశ్న:
శాన్ హోసేలో ఉంటాను. హైడ్రాలిక్స్ (ఆయిల్ ప్రెషర్‌తో కారుని లేపి దించే ఏర్పాటు) వేసిన 1964 షెవీ ఇంపాలా కారు, పోయిన నెలే కొన్నాను. డిక్కీలో రెండు పంపులు. రాత్రి లేపి పెడితే పొద్దున్నకల్లా ముందు భాగం దిగిపోతోంది, కింద చుక్క ఆయిల్ లేదు. వెనక ఒక సిలిండర్ దగ్గర మాత్రం కాస్త తడి. సీల్స్ అన్నీ మార్చాలా అన్నా?

జవాబు:
ఆగు తమ్ముడూ, అన్నీ విప్పకు. బయట ఆయిల్ లేకుండా కారు దిగుతోందంటే అది తిరిగి ట్యాంకులోకే పోతోంది, అంటే ముందు భాగాన్ని లేపే పంపులో చెక్ వాల్వో (ఆయిల్‌ని వెనక్కి పోనివ్వనిది) డంప్ వాల్వో (కారు దించడానికి ఆయిల్ వదిలేది) సరిగా మూసుకోవట్లేదు. ఎక్కువగా చెత్త ఇరుక్కునే ఇలా అవుతుంది, నాదాంట్లో ఎవరో మహానుభావుడు మరలకి చుట్టిన టెఫ్లాన్ టేపు ముక్క దొరికింది! కారుని స్టాండ్ల మీద పెట్టి, ప్రెషర్ మొత్తం వదిలేసి, బ్యాటరీలు పీకాకే విప్పు.

ఇంకో జవాబు:
టేపు ఎన్‌పీటీ మరలకే (కొసకి సన్నబడే పైపు మరలు). జేఐసీ ఫిట్టింగ్‌కి (గొట్టాలు కలిపే ఇంకో రకం జాయింటు) వద్దు, అక్కడ 37 డిగ్రీల వాలు ముఖాలు ఒకదాన్నొకటి నొక్కుకునే సీల్ అవుతుంది. వెనక తడి శుభ్రంగా తుడిచి, నాలుగుసార్లు లేపి దించి చూడండి. సిలిండర్‌లోంచి బయటికొచ్చే రాడ్ చుట్టూ ఆయిల్ వస్తే సీల్ పోయినట్టే, కానీ రాడ్ మీద గీతలుంటే కొత్త సీల్ కూడా నిలవదు. ప్రెషర్ ఉండగా చేత్తో తడమొద్దు, సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

అడిగినవారు:
డంప్ వాల్వ్‌లో ఇత్తడి రజను దొరికింది అన్నా! కడిగి బిగించా, రెండు రాత్రులుగా కదల్లేదు. వెనకది శనివారం చూస్తా.