కోల్డ్ స్టోరేజీ లెక్కలు, రైతుల వివరాలు: రాన్సమ్‌వేర్ నుంచి ముందుగా దేన్ని కాపాడుకోవాలి?

ప్రశ్న (గుంటూరు, కోల్డ్ స్టోరేజీ నిర్వాహకుడు)

అందరికీ నమస్కారం. గుంటూరు శివార్లలో మా నాన్నగారు మొదలుపెట్టిన కోల్డ్ స్టోరేజీని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మిర్చి టిక్కీల (బస్తాల) నిల్వతో పాటు కొద్దిగా ఎగుమతి వ్యాపారం కూడా ఉంది. ఆఫీసులో తొమ్మిది కంప్యూటర్లు, టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) నడిచే ఒక సర్వర్, కాటా దగ్గర ఒక పాత కంప్యూటర్, సీసీ కెమెరాల దృశ్యాలను నిల్వ చేసే డీవీఆర్ ఉన్నాయి. ఇవన్నీ ఒకే రౌటరుకు కలిపి ఉన్నాయి. ఏ రైతువి ఎన్ని టిక్కీలు ఏ గదిలో ఉన్నాయో, ఏ బాండు (నిల్వ రసీదు) మీద ఏ బ్యాంకు ఎంత అప్పు ఇచ్చిందో తెలిపే వివరాలూ, రైతుల ఆధార్ నకళ్లూ, ఖాతా నంబర్లూ ఆ ఒక్క సర్వర్‌లోనే ఉన్నాయి.

గత నెలలో మాకు తెలిసిన ఒక వ్యాపార సంస్థవారు సోమవారం ఉదయం ఆఫీసు తెరిచేసరికి ఒక్క ఫైలు కూడా తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డరులోనూ డబ్బు అడిగే చీటీ ఒకటి ఉంది. ఇలా ఫైళ్లకు తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగే ప్రోగ్రామునే రాన్సమ్‌వేర్ అంటారట. వారికి బ్యాకప్ లేకపోలేదు. అయితే అది సర్వర్‌కు ఎప్పుడూ తగిలించి ఉండే హార్డ్ డిస్కులో ఉండడంతో దానికీ అదే గతి పట్టింది. రైతు తన సరుకు కోసం వచ్చినప్పుడు లెక్క చెప్పలేని పరిస్థితి నాకు రాకూడదు. మా మీద నమ్మకంతోనే వారు ఏడాది కష్టాన్ని తెచ్చి మా గదుల్లో పెడుతున్నారు.

మా కంప్యూటర్ల పని చూసే అబ్బాయి ఖరీదైన ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను వడగట్టే పరికరం) కొనమంటున్నాడు. యాంటీవైరస్ ఉంది కాబట్టి భయం లేదని అకౌంటెంటు గారు అంటున్నారు. రాత్రిపూట ఇంటి నుంచి టాలీ చూసుకోవడానికి నేను సర్వర్‌ను దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్ పెట్టించుకున్నాను. పరిమితమైన ఖర్చుతో ముందుగా ఏ పని చేయాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

జవాబు 1 (హైదరాబాద్, నెట్‌వర్క్ నిర్వహణ ఉద్యోగి)

గుంటూరు మిత్రులకు నమస్కారం. మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది చివరి మాట. ఇంటి నుంచి చూసుకోవడానికి రౌటరులో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే ద్వారం) తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదిలి ఉంటే, ఈ జవాబు పూర్తిగా చదవకముందే దాన్ని మూయించండి. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న పోర్టులను వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి. మీరు గుంటూరులో చిన్న వ్యాపారం చేసుకుంటున్నారా, ముంబైలో బ్యాంకు నడుపుతున్నారా అన్నది వాటికి అనవసరం. తలుపు కనబడితే చాలు, పాస్‌వర్డులు ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తాయి. పోర్టు నంబరు మార్చినంత మాత్రాన రక్షణ రాదు. ఇంటి నుంచి పని తప్పనిసరి అయితే ముందు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారి) ద్వారా లోపలికి వచ్చి, అక్కడ పాస్‌వర్డుతో పాటు ఫోన్‌లోని యాప్ ఇచ్చే రెండో ధ్రువీకరణ కూడా ఇచ్చిన తర్వాతే సర్వర్‌ను చేరుకునే ఏర్పాటు చేయించుకోండి. ఆ రెండో ధ్రువీకరణను మాత్రం వదలకండి. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థ ఇంధన సరఫరాను నిలిపివేయవలసి వచ్చినప్పుడు, దుండగులు లోపలికి వచ్చిన దారి ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ ఖాతా. దానికి ఉన్న రక్షణ ఒక్క పాస్‌వర్డు మాత్రమే.

ఇక బ్యాకప్ సంగతి. మీకు తెలిసినవారికి జరిగింది యాదృచ్ఛికం కాదు. ఇటువంటి దుండగులు లోపలికి వచ్చిన వెంటనే ఫైళ్లకు తాళం వేయరు. కొన్ని రోజులు నిశ్శబ్దంగా తిరిగి అడ్మిన్ పాస్‌వర్డు సంపాదించి, బ్యాకప్‌లు ఎక్కడున్నాయో చూసి, ముందు వాటిని చెరిపి, ఆ తర్వాత ఆఫీసు మూసి ఉండే వేళ చూసుకుని అసలు పని మొదలుపెడతారు. కాబట్టి బ్యాకప్ ఉందా లేదా అన్న ప్రశ్న సరిపోదు. మీ సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డు దొంగ చేతిలో పడిన రోజున కూడా వాడు ఆ బ్యాకప్‌ను చేరుకోలేడా అన్నదే అడగవలసిన ప్రశ్న.

2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాము) దాడి జరిగినప్పుడు, ప్రపంచంలోని అతి పెద్ద నౌకా రవాణా సంస్థల్లో ఒకటైన మెర్స్క్ సుమారు 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను మళ్లీ మొదటి నుంచి ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. ఆ సంస్థలో ఉద్యోగుల ఖాతాల వివరాలు ఉండే డొమైన్ కంట్రోలర్లు ఒకదాని నకలు మరొకదానిలో ఉండేలా పెట్టుకున్నారు. అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నందువల్ల అన్నీ ఒకేసారి పోయాయి. ఘనా దేశంలోని ఒక కార్యాలయంలో అప్పుడు కరెంటు పోయి ఉండడంతో, అక్కడి ఒక్క యంత్రం మాత్రం నెట్‌వర్క్‌కు దూరంగా ఉండి బతికిపోయింది. మిగిలినదంతా దాని ఆధారంగా నిలబెట్టుకున్నారు. అంత పెద్ద సంస్థకు కరెంటు కోత వల్ల దక్కిన రక్షణను మీరు రెండు హార్డ్ డిస్కులతో ఏర్పాటు చేసుకోవచ్చు. ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో ఉంచి వారానికొకసారి మార్చండి. బ్యాకప్ తీసుకున్న వెంటనే డిస్కును ఊడదీయండి. మరో నకలు క్లౌడ్‌లో పెట్టినా, నిర్ణీత గడువు వరకు ఎవరూ చెరపలేని విధంగా పాత ప్రతులను నిలిపి ఉంచే సౌకర్యం ఉన్నదాన్నే ఎంచుకోండి. మామూలుగా ఫోల్డరును సింక్ చేసేవి (ఎప్పటికప్పుడు నకలు పంపేవి) పాడైన ఫైళ్లను కూడా అంతే నమ్మకంగా పైకి పంపిస్తాయి.

నెలకొకసారి ఆ డిస్కు నుంచి వేరే ల్యాప్‌టాప్ మీదకు డేటాను వెనక్కు తీసి, ఏదో ఒక గదిలోని టిక్కీల సంఖ్యనూ, నలుగురైదుగురు రైతుల ఖాతా నిల్వలనూ పుస్తకంతో సరిచూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను. టాలీ డేటాకు తాళం వేసే టాలీ వాల్ట్ పాస్‌వర్డు పెట్టుకుని ఉంటే దాన్ని కాగితం మీద రాసి భద్రమైన చోట ఉంచండి; అది మరిచిపోతే డేటా చేతిలో ఉండి కూడా తెరుచుకోదు.

ఫైర్‌వాల్ వద్దని అనను, అయితే అది ఈ రెండు పనుల తర్వాతే. లైసెన్సు లేని, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఏ కంప్యూటర్‌లో ఉన్నా ముందు దాన్ని తీసివేయించండి.

జవాబు 2 (విశాఖపట్నం, ఎగుమతి సంస్థల ఖాతాలు చూసే చార్టర్డ్ అకౌంటెంటు)

పై మిత్రులు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీకు ఎగుమతి వ్యాపారం ఉందన్నారు కాబట్టి ఒక విషయం చేరుస్తున్నాను. నా క్లయింట్లలో ఒకరి సర్వర్‌ను ఎవరూ తాకలేదు, ఒక్క ఫైలు కూడా పాడవలేదు, అయినా ఒక కంటైనర్ సరుకు డబ్బు పూర్తిగా పోయింది. ఈమెయిల్ పాస్‌వర్డు సంపాదించిన వ్యక్తి కొన్ని వారాల పాటు ఉత్తరప్రత్యుత్తరాలు చదువుతూ కూర్చుని, ఇన్వాయిస్ వెళ్లిన మరునాడు "మా బ్యాంకు ఖాతా మారింది" అని విదేశీ కొనుగోలుదారుకు రాశాడు. సంస్థ పేరులో ఆంగ్ల ఎం అక్షరం ఉన్నచోట ఆర్, ఎన్ అక్షరాలను పక్కపక్కన పెట్టిన చిరునామా నుంచి ఆ ఉత్తరం వెళ్లింది. భాషలో ఒక్క తప్పు లేదు. వెనుకటిలా తప్పుల ఇంగ్లీషును చూసి మోసాన్ని పసిగట్టే రోజులు పోయాయి. కృత్రిమ మేధతో ఇప్పుడు తెలుగులో కూడా చక్కని ఉత్తరం రాయవచ్చు, తెలిసినవారి గొంతును కూడా అనుకరించవచ్చు.

అందువల్ల కొనుగోలుదారులందరికీ ఈరోజే ఒక మాట చెప్పి ఉంచండి: మా ఖాతా నంబరు ఈమెయిల్ ద్వారా ఎప్పటికీ మారదు, మారిందని ఎవరు రాసినా, మీ దగ్గర పాతకాలం నుంచి ఉన్న మా ఫోన్ నంబరుకు చేసి కనుక్కోండి, ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు చేయకండి. మీరు డబ్బు పంపేటప్పుడు కూడా ఇదే నియమం పాటించండి. మీ మెయిల్ సెట్టింగులలో, ఉత్తరాలు మీకు తెలియకుండా మరో చిరునామాకు వెళ్లే ఫార్వర్డింగ్ నియమం ఏదైనా ఉందేమో తప్పక చూడండి. నా క్లయింటు పాస్‌వర్డు మార్చుకున్న తర్వాత కూడా ఆ నియమం వల్ల ఉత్తరాలు బయటకు పోతూనే ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పోర్టు నిన్న రాత్రే మూయించాను. అది రెండేళ్లుగా తెరిచే ఉందని తెలిసి నిద్ర పట్టలేదు. కాటా దగ్గరి కంప్యూటరుతో ఒక చిక్కు ఉంది. అందులో విండోస్ 7 ఉంది. కొత్త విండోస్ మీద తమ సాఫ్ట్‌వేర్ నడవదని కాటా అమర్చినవారు అంటున్నారు. లారీలు వరుసలో ఉండే సీజన్‌లో దాన్ని మార్చే సాహసం చేయలేను.

జవాబు 3 (జవాబు 1 రాసినవారు)

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. దాన్ని బాగుచేయలేరు కాబట్టి విడదీయండి. కాటా కంప్యూటరుకూ, డీవీఆర్‌కూ వేరే వీల్యాన్ (అవే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) ఏర్పాటు చేయించి, కాటా వైపు ఇంటర్నెట్ పూర్తిగా ఆపించండి. తూకం వివరాలు సర్వర్‌కు చేరడానికి అవసరమైన ఒక్క దారిని మాత్రం ఉంచండి. అందుకు వీల్యాన్ సౌకర్యమున్న స్విచ్, వాటి మధ్య రాకపోకలను నియంత్రించగల రౌటరు చాలు. విడదీయడం ఎందుకంటే, 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఒక కంప్యూటరు నుంచి పక్క కంప్యూటరుకు తనంతట తానే పాకింది. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే ఇచ్చినా, వేసుకోనివారు చిక్కుకున్నారు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. డీవీఆర్ పాస్‌వర్డు కంపెనీ ఇచ్చినదే అయితే వెంటనే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను వశం చేసుకున్నది అటువంటి పాస్‌వర్డుల ద్వారానే.

జవాబు 4 (విజయవాడ, న్యాయవాది)

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు. సైబర్ దాడి జరిగినట్లు గమనించిన 6 గంటలలోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ అయిన సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. లాగ్‌లను (కంప్యూటర్లలో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలను) 180 రోజుల పాటు భద్రపరచాలని కూడా వాటిలోనే ఉంది. చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇవి 2022 సెప్టెంబరు 25 నుంచి వర్తిస్తున్నాయి. చిన్న వ్యాపారానికి ఇవన్నీ ఎందుకని చాలామంది నన్ను అడుగుతుంటారు. అయితే లాగ్ లేకపోతే దొంగ ఏ దారిన వచ్చాడో తెలియదు. దారి తెలియకపోతే బ్యాకప్ నుంచి అంతా నిలబెట్టుకున్న వారానికే అదే దారిన మళ్లీ వస్తాడు.

మీ దగ్గరున్న ఆధార్ నకళ్లు, ఖాతా నంబర్లు మీవి కావు, రైతులవి. ఈనాటి దుండగులు తాళం వేయడానికి ముందు డేటాను బయటకు తీసుకుపోయి, బయటపెడతామని కూడా బెదిరిస్తారు. దానికి బ్యాకప్ మందు కాదు. వ్యక్తిగత డేటాకు తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఇస్తోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల బాధ్యతలకు సంబంధించిన ముఖ్యమైన నిబంధనలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు కోసం ఆగకుండా, బాండు విడుదలై లెక్క తీరిన రైతుల ఆధార్ నకళ్లు ఇంకా అవసరమా అని మీ ఆడిటరును అడిగి, అక్కరలేనివి తొలగించండి. మీ దగ్గర లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు.

డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేసి, మీ బ్యాంకుకు కూడా చెప్పండి. ఖాతాలు మారిపోయే కొద్దీ డబ్బును నిలిపివేయించడం కష్టమవుతుంది. ఫైళ్లకు తాళం పడినట్లు కనబడితే ముందు నెట్‌వర్క్ తీగను ఊడదీయండి. ఫైళ్లను చెరపవద్దు, ఫార్మాట్ చేయవద్దు. అవే దర్యాప్తుకు ఆధారాలు, తర్వాత ఎప్పుడైనా తాళంచెవి దొరికితే అక్కరకు వచ్చేవీ అవే.

ప్రశ్న అడిగినవారు

పది రోజుల తర్వాత రాస్తున్నాను. మొదటిసారి బ్యాకప్‌ను వేరే ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాం. టాలీ లెక్కలు సరిగానే వచ్చాయి గానీ, బాండ్ల రిజిస్టరు ఫిబ్రవరి 11తో ఆగిపోయింది. హార్డ్ డిస్కు నిండిపోవడంతో అప్పటి నుంచి ఆ ఫోల్డరు కాపీ కావడం లేదు, డిస్కు నిండిందన్న సందేశాన్ని ఎవరూ చూడలేదు. ఆ తేదీ తర్వాత సరుకు పెట్టిన రైతుల లెక్కలు ఇన్నాళ్లూ ఒకే ఒక్క చోట ఉన్నాయన్నమాట. రెండు కొత్త డిస్కులు కొన్నాం. శనివారం సాయంత్రం వాటిని మార్చే బాధ్యత మా అకౌంటెంటు గారు స్వయంగా తీసుకున్నారు. కొనుగోలుదారులందరికీ ఖాతా నంబరు గురించి ఫోన్ చేసి చెప్పాను. డీవీఆర్ పాస్‌వర్డు మార్చాం. కాటా కంప్యూటరును విడదీసే పని మాత్రం వేసవిలో మిర్చి యార్డుకు సెలవులు ఇచ్చిన మొదటి వారంలో పెట్టుకున్నాం; అప్పటివరకు దానికి ఇంటర్నెట్ ఆపించి ఉంచాను.